తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలి? మీకు సరిపోయే క్రిప్టో వాలెట్ ఎంచుకోవడం

పోయిన వానాకాలం దేవరకొండ నుంచి మా బావ, మా అక్క ఫోన్‌తో కాల్ చేశాడు. ఆయన ఫోన్ నీళ్ళ బకెట్‌లో పడి పూర్తిగా పాడైపోయింది. మూడేళ్ళుగా కొంచెం కొంచెంగా కొనుక్కున్న బిట్‌కాయిన్ ఆ ఫోన్‌లోని వాలెట్ యాప్‌లోనే ఉంది. "ఫికర్ లేదు, 12 పదాలు నోట్‌బుక్‌ల రాసిపెట్టిన" అన్నాడు. ఫోన్ పోయినా వాలెట్‌ను తిరిగి తెరిచే పదాలవి. సాయంత్రం మళ్ళీ ఫోన్ వచ్చింది. ఈసారి గొంతులో టెన్షన్ తెలుస్తోంది. నోట్‌బుక్ బీరువా కింది అరలో ఉంది, దానికి చెదలు పట్టాయి. పేజీలో ఒక మూల తినేశాయి. "ఏడో పదం పోయింది బామ్మర్దీ. మొదటి రెండు అక్షరాలే కనవడ్తున్నయ్."

మరుసటి రోజు నేను నల్లగొండ నుంచి పాత ల్యాప్‌టాప్ పట్టుకుని వెళ్ళాను. ఆ పదాలు ఎక్కడివో తెలిస్తే ఈ పని ఎందుకు కుదిరిందో అర్థమవుతుంది. చాలా వాలెట్లు 2048 ఇంగ్లీష్ పదాలున్న ఒకే జాబితాను వాడతాయి. 2013 నుంచి ఉన్న ఈ పద్ధతి పేరు బిప్-39. ఆ జాబితాలో ఏ రెండు పదాలకూ మొదటి నాలుగు అక్షరాలు ఒకేలా ఉండవు. అంటే నాలుగు అక్షరాలు మిగిలితే పదం మొత్తం దొరికినట్టే. మాకు రెండే మిగిలాయి. ఆ రెండు అక్షరాలతో మొదలయ్యే పదాలన్నీ తీసి, ఒక్కొక్కటే ఏడో చోట పెట్టి చూశాం. చివరి పదంలో సరిచూసుకునే కొన్ని బిట్లు, అంటే 0, 1 అంకెలు, దాగి ఉంటాయి. 12 పదాల వరసలో తప్పుడు పదాన్ని పెడితే పదహారింట పదిహేనుసార్లు లెక్క అక్కడే తప్పుతుంది. మిగిలిన కొన్నింటి నుంచి వచ్చిన అడ్రస్‌లను (బ్యాంకు ఖాతా నంబర్ లాంటివి), బావ అప్పట్లో ఎక్స్ఛేంజ్ (క్రిప్టో కొని అమ్మే యాప్) నుంచి కాయిన్ పంపినప్పుడు వచ్చిన ఈమెయిల్‌లోని అడ్రస్‌తో పోల్చాం. ఒకటి సరిపోయింది. ఈ పనంతా నెట్ ఆపేసిన ల్యాప్‌టాప్‌లోనే చేశాం. "పదాలు పెట్టండి, వాలెట్ తెరిచి ఇస్తాం" అనే వెబ్‌సైట్లు చాలా ఉన్నాయి. వాటిలో ఒక్కదాంట్లో పెట్టినా ఆ రాత్రికే డబ్బు పోయి ఉండేది.

ఒక్క పదం పోయింది కాబట్టి బతికిపోయాం. నాలుగైదు పోయి ఉంటే నా ల్యాప్‌టాప్‌తో అయ్యే పని కాదు.

అప్పటి నుంచి ఎవరైనా "ఏ వాలెట్ మంచిది అన్నా?" అని అడిగితే నేను ముందు ఒక ప్రశ్న వేస్తున్నాను. మీ కీ, అంటే వాలెట్ తెరిచే రహస్యం, దొంగ చేతికి చిక్కే అవకాశం ఎక్కువా, మీ చేతిలోంచే జారిపోయే అవకాశం ఎక్కువా? దాదాపు ప్రతి వాలెట్టూ ఈ రెండింటిలో ఒక ప్రమాదాన్ని తగ్గిస్తూ రెండోదాన్ని కొంత పెంచుతుంది. మన వైపు ఇళ్ళలో నేను చూసినంతవరకు రెండోదే ఎక్కువ. చెదలు, కారే పైకప్పు, పాత పేపర్లు కొనేవాడికి తూకంలో వెళ్ళిపోయిన నోట్‌బుక్కు, ఇల్లు మారినప్పుడు కనపడకుండా పోయిన సంచి, భార్యకు చెప్పకుండానే పోయిన మనిషి. అయినా జనం హ్యాకర్‌కే భయపడతారు.

కీ అంటే ఏమిటో రెండు మాటల్లో

గద్వాల వైపు సీడ్ అంటే సీడ్ పత్తి. వాలెట్‌లోనూ సీడ్ అనే మాటకు అర్థం విత్తనమే. ఆ 12 లేదా 24 పదాలే విత్తనం. మీ ప్రైవేట్ కీలన్నీ, అడ్రస్‌లన్నీ అందులోంచే మొలుస్తాయి. కాయిన్లు ఫోన్‌లోనూ ఉండవు, వాలెట్ పరికరంలోనూ ఉండవు. అవి బ్లాక్‌చెయిన్ అనే ఉమ్మడి ఖాతాపుస్తకంలో ఉంటాయి. వాటిని కదిలించడానికి సంతకం పెట్టే హక్కు మాత్రం కీ ఉన్నవాడిది. యూపీఐ పిన్ మర్చిపోతే డెబిట్ కార్డుతో మళ్ళీ పెట్టుకుంటాం. ఇక్కడ మళ్ళీ పెట్టించే బ్యాంకే లేదు.

12 పదాలు చాలా, 24 కావాలా అని చాలామంది అడుగుతారు. 12 పదాల్లో 128 బిట్ల రహస్యం ఉంటుంది, 24లో 256. లోకంలోని కంప్యూటర్లన్నీ కూర్చున్నా 128 బిట్లను ఊహించి పట్టలేవు. వాలెట్ 12 ఇస్తే 12 తీసుకోండి, 24 ఇస్తే 24 తీసుకోండి. కానీ పదాలు మీరు ఎంచుకోకండి. పిల్లల పేర్లు, ఊరి పేర్లు తలచుకుంటూ మనిషి ఏరిన పదాల్లో యాదృచ్ఛికత ఉండదు. సాఫ్ట్‌వేర్ చేసిన కీలోనూ ఆ లోపం రావచ్చు. 2023లో బయటపడిన లిబ్‌బిట్‌కాయిన్ టూల్ లోపం అలాంటిదే. ఆ టూల్ 24 పదాలు ఇచ్చినా వెనక ఉన్న అసలు యాదృచ్ఛికత 32 బిట్లే. దొంగలు అన్నీ లెక్కపెట్టేసి డబ్బు ఊడ్చేశారు. కాబట్టి చాలామంది వాడుతున్న, ఎందరో నిపుణులు పరిశీలించిన వాలెట్‌తోనే సీడ్ చేయించండి.

ఎక్స్ఛేంజ్‌లోనే ఉంచడం

మహబూబ్‌నగర్ న్యూటౌన్‌లో నా పాత క్లాస్‌మేట్ ఒకతను నెలకు వెయ్యి రూపాయల బిట్‌కాయిన్ కొంటాడు. అతని మొత్తం ఇరవై వేలు కూడా దాటలేదు. అతనికి నేను ఎక్స్ఛేంజ్‌లోనే ఉంచమని చెప్పాను. పాస్‌వర్డ్ మర్చిపోతే ఆధార్, పాన్ చూపించి తిరిగి తెరిపించుకోవచ్చు. జారిపోయే ప్రమాదం ఇక్కడ తక్కువ. కానీ కీ వాళ్ళది. మీ దగ్గర ఉన్నది వాళ్ళు మీకు బాకీ ఉన్నామనే మాట.

ఆ మాటకు ఎంత విలువో 2014లో మౌంట్ గాక్స్ ఎక్స్ఛేంజ్ మూతపడ్డప్పుడు, 2022 నవంబర్‌లో ఎఫ్‌టీఎక్స్ కూలినప్పుడు ప్రపంచం చూసింది. మన దేశంలో 2024 జూలై 18న వజీర్‌ఎక్స్ నుంచి దాదాపు 23 కోట్ల డాలర్ల విలువైన క్రిప్టో పోయింది. ఖాతాదారులు నెలల తరబడి తీసుకోలేకపోయారు. అది ఒక్క కీతో తెరుచుకునే వాలెట్ కూడా కాదు. ఆరుగురు సంతకందార్లు, వారిలో నలుగురు ఒప్పుకోవాలి. వజీర్‌ఎక్స్ చెప్పిన ప్రకారం తెరమీద ఒక లావాదేవీ కనిపించింది, వెనక సంతకం పడింది మాత్రం వేరేదాని మీద.

ఎక్స్ఛేంజ్‌లో ఉంచేవాళ్ళు చేయాల్సినవి తక్కువే. ఓటీపీని ఎస్సెమ్మెస్‌లో కాకుండా అథెంటికేటర్ యాప్‌లో (ఫోన్‌లోనే కోడ్ తయారుచేసేది) పెట్టుకోండి, ఎందుకంటే డూప్లికేట్ సిమ్ తీసి ఓటీపీలు పట్టుకునే మోసం ఉంది. ఖాతా తెరిచేముందే ఆ యాప్ కాయిన్‌ను బయటి వాలెట్‌కు పంపనిస్తుందో లేదో చూడండి. కొన్ని యాప్‌లలో కొనొచ్చు, అమ్మొచ్చు, బయటకు తీయలేరు. అలాంటిచోట మీరు కొంటున్నది ధర మీద పందెం మాత్రమే.

ఫోన్ వాలెట్

మెటామాస్క్, ట్రస్ట్ వాలెట్, బ్లూవాలెట్ లాంటివి ఉచితం. ఐదు నిమిషాల్లో వచ్చేస్తాయి, కీ మీదే. కానీ ఆ కీ ఉండేది వాట్సాప్ ఫార్వర్డ్‌లు, అప్పు యాప్‌లు, పిల్లల గేమ్‌లు తిరిగే ఫోన్‌లోనే. వాలెట్ యాప్ తయారుచేసినవాళ్ళ పొరపాటు కూడా మీ మీదే పడుతుంది. 2022 ఆగస్టులో సొలానా అనే బ్లాక్‌చెయిన్ మీద నడిచే స్లోప్ వాలెట్ వాడిన వేలమంది డబ్బు పోయింది. ఆ యాప్ వాడుకరుల సీడ్ పదాలను ఏ రహస్యలిపీ లేకుండా ఒక సర్వర్‌కు పంపిందని తేలింది.

ఫోన్ వాలెట్‌ను నేను జేబులోని పర్సులా చూస్తాను. సంతకు తీసుకెళ్ళే డబ్బు అందులో ఉండొచ్చు, ఎకరం అమ్మిన డబ్బు ఉండకూడదు.

హార్డ్‌వేర్ వాలెట్

మొత్తం మీ రెండు నెలల జీతం దాటిందంటే నా సలహా ఇదే. కొన్ని వేలు ఖర్చవుతుంది. ట్రెజర్, లెడ్జర్ అందరికీ తెలిసిన పేర్లు. పెన్‌డ్రైవ్ అంత ఉంటుంది. కీ అందులోనే పుడుతుంది, అందులోనే ఉంటుంది. ఫోనో కంప్యూటరో లావాదేవీని తయారుచేసి లోపలికి పంపుతుంది, పరికరం సంతకం పెట్టి బయటకు ఇస్తుంది. కంప్యూటర్‌లో వైరస్ ఉన్నా కీ దానికి కనపడదు.

అందులోని చిన్న తెర చాలా విలువైనది. డబ్బు ఎటు వెళ్తోందో, ఎంత వెళ్తోందో ఆ తెరమీద చదివి తర్వాతే బటన్ నొక్కాలి. మీరు కాపీ చేసిన అడ్రస్‌ను పేస్ట్ చేసేలోగా మార్చేసే వైరస్‌లు ఉన్నాయి. కంప్యూటర్ తెర అబద్ధం చెప్పవచ్చు. పరికరం తెరమీద అర్థంకాని అంకెల వరస మాత్రమే కనిపిస్తే, అంటే ఏం సంతకం పెడుతున్నారో చదవలేకపోతే, రద్దు చేయండి. 2025 ఫిబ్రవరిలో బైబిట్ అనే ఎక్స్ఛేంజ్ దాదాపు 150 కోట్ల డాలర్లు పోగొట్టుకుంది. అక్కడ హార్డ్‌వేర్ వాలెట్లూ ఉన్నాయి, ఎక్కువ సంతకాల పద్ధతీ ఉంది. సంతకం పెట్టినవాళ్ళకు కనపడింది ఒకటి, జరిగింది ఇంకొకటి. తెల్లకాగితం మీద వేలిముద్ర వేసి భూములు పోగొట్టుకున్నవాళ్ళ కథలు మన జిల్లాల్లో ప్రతి ఊళ్ళో ఉన్నాయి. ఇదీ అంతే.

కొనేటప్పుడు తయారుచేసే కంపెనీ సైట్ నుంచో, వాళ్ళు పేరు పెట్టి ఒప్పుకున్న అమ్మకందారు నుంచో కొనండి. సెకండ్ హ్యాండ్ వద్దే వద్దు. పెట్టె తెరవగానే 24 పదాలు ముందే ముద్రించిన కార్డు కనిపిస్తే అది మోసం. ఆ పదాలు పంపినవాడి దగ్గరా ఉన్నాయి. పదాలు మీ కళ్ళముందు, పరికరం తెరమీద, మొదటిసారిగా రావాలి. ఇంకో సంగతి. 2020లో లెడ్జర్ కంపెనీ కస్టమర్ల ఈమెయిళ్ళు, చాలామంది ఇంటి అడ్రస్‌లు బయటకు పొక్కాయి. కీలు పోలేదు. కానీ తర్వాత నకిలీ ఈమెయిళ్ళు వచ్చాయి, కొందరి ఇళ్ళకు పోస్టులో నకిలీ పరికరాలే వచ్చాయి. ఆర్డర్ పెట్టేటప్పుడు ఇంటి బదులు ఆఫీసు అడ్రస్ ఇస్తే మంచిది.

కాగితం మీద క్యూఆర్ కోడ్‌గా కీ ముద్రించుకునే పేపర్ వాలెట్ పాత పద్ధతి. ప్రింటర్‌కు కూడా మెమరీ ఉంటుంది, వాడేటప్పుడు తప్పులు జరుగుతాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు దాని జోలికి పోవద్దు.

రెండు తాళాల పద్ధతి

బ్యాంకు లాకర్ తెరవాలంటే మీ చెవి ఒకటే సరిపోదు, బ్యాంకు చెవి కూడా పడాలి. మల్టీసిగ్ అంటే అదే. మామూలుగా మూడు కీలు చేసి, వాటిలో ఏ రెండైనా చాలు అనేలా పెడతారు. ఒకటి పోయినా డబ్బు ఉంటుంది, ఒకటి దొంగ చేతికి చిక్కినా డబ్బు ఉంటుంది. రెండు ప్రమాదాలనూ ఒకేసారి తగ్గించే పద్ధతి ఇది. అందుకే వినగానే అందరికీ నచ్చుతుంది.

కానీ ఇక్కడ చాలామంది మర్చిపోయే విషయం ఒకటుంది. బిట్‌కాయిన్‌లో రెండు సీడ్‌లు చేతిలో ఉన్నా, మూడో కీకి చెందిన పబ్లిక్ కీ (ప్రైవేట్ కీకి జత, దాంతో ఖర్చుపెట్టలేరు) వివరం లేకపోతే వాలెట్‌ను తిరిగి కట్టలేరు. మూడు పబ్లిక్ కీలూ ఉన్న ఆ అమరిక ఫైల్‌ను ప్రతి సీడ్‌తో పాటు ఉంచాలి. అది చిక్కినవాడు మీ బ్యాలెన్స్ చూడగలడు, ఖర్చుపెట్టలేడు. ఇదంతా మీకు సులభంగా అనిపిస్తే, మొత్తం నిజంగా పెద్దదైతే, పెట్టుకోండి. ఈ భాగంలోని మొదటి పేరా రెండుసార్లు చదవాల్సి వస్తే హార్డ్‌వేర్ వాలెట్ దగ్గరే ఆగండి. అర్థంకాని భద్రతతో డబ్బు పోగొట్టుకున్నవాళ్ళు తక్కువేం లేరు.

పన్నెండు పదాలను సగం సగం చేసి, ఆరు నల్లగొండలో, ఆరు మిర్యాలగూడలో పెట్టేవాళ్ళు ఉన్నారు. దయచేసి అలా చేయకండి. ఏ సగం పోయినా మొత్తం పోతుంది. ఒక సగం చిక్కినవాడికి మిగతా సగం ఊహించే పని కోట్ల కోట్ల రెట్లు తేలికవుతుంది. ముక్కలు చేయాలంటే దానికోసమే తయారైన షామీర్ పద్ధతి (అన్ని ముక్కలూ కాకుండా కొన్ని చేరితే చాలనేది) ఉన్న పరికరం కొనండి, ట్రెజర్ కొన్ని మోడళ్ళలో ఉంది.

పదాలు ఎక్కడ, దేనిమీద

నా లెక్కలో వాలెట్ ఎంపిక కన్నా ఇది పెద్ద ఎంపిక.

ఫోటో తీయకండి. స్క్రీన్‌షాట్ తీయకండి. వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోకండి. గ్యాలరీలోని ఫోటోలను ఒక్కొక్కటే చదివి, సీడ్ పదాలు కనపడితే పంపేసే స్పార్క్‌క్యాట్ అనే వైరస్‌ను 2025 ఫిబ్రవరిలో కాస్పర్‌స్కీ నిపుణులు బయటపెట్టారు. అది గూగుల్ ప్లే, యాపిల్ యాప్ స్టోర్‌లలోని యాప్‌లలోనే దూరి ఉంది. పాస్‌వర్డ్ మేనేజర్‌లో (పాస్‌వర్డ్‌లన్నీ దాచే యాప్) పెట్టడమూ నాకు ఇష్టం లేదు. 2022లో లాస్ట్‌పాస్ అనే అలాంటి యాప్ నుంచి వాడుకరుల ఖజానాల కాపీలు దొంగల చేతికి వెళ్ళాయి.

కాగితమైతే పెన్సిల్‌తో రాయండి, ఇంకు తడిస్తే కరిగిపోతుంది. జిప్ కవర్‌లో పెట్టి, స్టీలు డబ్బాలో మూత బిగించి పెట్టండి. చెదలు చెక్క బీరువాను తింటాయి, స్టీలును తినలేవు. అన్నిటికన్నా మంచిది స్టీలు రేకు. స్టీలు సామాన్ల దుకాణంలో బిందెల మీద, గిన్నెల మీద పేర్లు చెక్కి ఇస్తారు కదా. బావ అక్కడికే వెళ్ళి చెక్కించుకుంటానన్నాడు. వద్దన్నాను. చెక్కేవాడు ప్రతి పదమూ చదువుతాడు. హార్డ్‌వేర్ షాపులో అక్షరాల పంచ్ సెట్ దొరుకుతుంది. అరచేయంత స్టీలు రేకు ఒకటి కోయించుకుని, ఇంటి వెనక బండమీద పెట్టి, సుత్తితో మేమే కొట్టాం. ప్రతి పదానికీ మొదటి నాలుగు అక్షరాలు చాలు. 12 పదాలకు మహా అయితే 48 దెబ్బలు. ముందు నంబర్ కూడా కొట్టుకోండి, వరస తప్పితే పదాలు పనికిరావు. మొదటి రేకు మీద రెండు అక్షరాలు తలకిందులయ్యాయి, ఆ రేకును ముక్కలు చేసి రెండోది కొట్టాం.

రెండు కాపీలు ఉండాలి, రెండూ ఒకే ఇంట్లో ఉండకూడదు. రెండో కాపీ చూసినవాడు డబ్బు తీసేస్తాడేమో అనే భయం ఉంటే పాస్‌ఫ్రేజ్ అనే ఏర్పాటు ఉంది. సీడ్ పదాలకు మీరు కలిపే ఇంకో రహస్యపదం అది. రేకు దొరికినా ఆ పదం లేకుండా డబ్బున్న వాలెట్ తెరుచుకోదు. కానీ ఒక్క అక్షరం తేడా పడినా పరికరం తప్పు అనదు, ఖాళీగా ఉన్న ఇంకో వాలెట్ తెరిచి చూపిస్తుంది. గుర్తుంటుందిలే అని మనసులోనే పెట్టుకుంటే బావ ఏడో పదానికి పట్టిన గతే పడుతుంది, ఈసారి ల్యాప్‌టాప్ కూడా కాపాడలేదు. పాస్‌ఫ్రేజ్ పెడితే దాన్నీ రాసి, రేకు లేని చోట దాచండి.

డబ్బు వేసేముందు ఒక రిహార్సల్ తప్పనిసరి. రెండు మూడు వందల రూపాయల విలువ పంపండి. తర్వాత పరికరాన్ని పూర్తిగా చెరిపేయండి. మీ రేకు చూసి పదాలు పెట్టి తిరిగి తెరవండి. బ్యాలెన్స్ కనిపిస్తేనే మిగతాది పంపండి. నాకు తెలిసినవాళ్ళలో పదిమందికి ఒక్కరు కూడా ఇది చేయలేదు. ఎక్స్ఛేంజ్ నుంచి తీసేముందు కొనుగోలు స్టేట్‌మెంట్లు డౌన్‌లోడ్ చేసుకోవడం కూడా మర్చిపోకండి. 2022 ఏప్రిల్ 1 నుంచి లాభం మీద 30 శాతం పన్ను ఉంది, ఎంతకు కొన్నారో మీరే చూపించుకోవాలి.

సపోర్ట్ వాళ్ళమని టెలిగ్రామ్‌లో ఎవరైనా పదాలు అడిగితే, వాళ్ళు ఎవరైనా సరే, దొంగలే. డబ్బు పోయిందని తెలిసిన నిమిషమే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయండి. డబ్బు ఏదైనా ఎక్స్ఛేంజ్‌కు చేరితే ఆపించే అవకాశం మొదటి గంటల్లోనే ఉంటుంది.

ఎవరికి ఏది

ఇరవై ముప్పై వేలలోపు, నేర్చుకుంటున్నవాళ్ళు: ఎక్స్ఛేంజ్. కొంచెం ఫోన్ వాలెట్‌లో పెట్టుకుని చేతికి అలవాటు చేసుకోండి. రెండు నెలల జీతం దాటితే ఒక హార్డ్‌వేర్ వాలెట్, రెండు రేకులు. గల్ఫ్‌లో ఉండి ఇంట్లోవాళ్ళు ఊళ్ళో ఉన్నవాళ్ళ పరిస్థితి వేరు. పరికరం మీ దగ్గర, ఒక రేకు ఊళ్ళో, పాస్‌ఫ్రేజ్ ఇంకొక నమ్మకస్తుడి దగ్గర ఉంచండి. పొలమో ప్లాటో కొనేంత మొత్తమైతే మూడింట రెండు మల్టీసిగ్, అదీ తీరిగ్గా నేర్చుకున్నాకే.

బ్యాంకు ఖాతాకు నామినీ ఫారం ఉంటుంది. వాలెట్‌కు లేదు. అందుకే బావతో ఒక ఉత్తరం రాయించాను. ఏముంది, ఏ పరికరం, రేకు ఎక్కడ, ఎవరిని అడగాలి, ఎవరికి పదాలు చెప్పకూడదు. పదాలు మాత్రం అందులో రాయలేదు, ఉత్తరాలు చాలా చేతులు మారతాయి. ఒక ఆదివారం ఆ ఉత్తరం, ఖాళీ చేసిన పరికరం అక్క చేతికిచ్చి మేమిద్దరం బయట అరుగు మీద కూర్చున్నాం. ఏమీ చెప్పకూడదని ముందే అనుకున్నాం. గంటా నలభై నిమిషాలు పట్టింది. మధ్యలో ఒకసారి తలుపు దగ్గరికి వచ్చి "పిన్ అంటే ఏ పిన్? ఏటీఎం పిన్నా?" అని అడిగింది. బావ నోరు తెరవబోతే నేను ఆపాను. అక్క మళ్ళీ లోపలికి వెళ్ళి ఉత్తరం మొదటి నుంచి చదివింది. చివరికి బ్యాలెన్స్ చూపించింది. ఆ సాయంత్రమే బావ కూర్చుని పిన్ దగ్గరి వాక్యాన్ని, ఇంకో రెండు వాక్యాలను ఆమె మాటల్లోనే తిరగరాశాడు.